ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి నడిచొచ్చే మనుషులు

మా అక్క కూతురు ఈమధ్య ఫోన్ చేసి, "పిన్నీ, నవలలాగా కింద పెట్టనీయకుండా చదివించాలి, కానీ అందులోది నిజంగా జరిగి ఉండాలి. అలాంటి పుస్తకాలు ఏవైనా ఉంటే చెప్పు" అంది. నోటికొచ్చిన పేర్లు చెప్పాను. తర్వాత ఆలోచిస్తే, ఏ పుస్తకం ఏ వయసులో, ఎవరి చేతిలోంచి నా చేతికి వచ్చిందో చెప్పకపోతే సగమే చెప్పినట్టు అనిపించింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మాది గుడివాడ. 1970ల చివర్లో మా ఇంట్లో చదవడం అంటే వారపత్రికల్లో సీరియల్స్ చదవడమే. అమ్మ ప్రతి వారం పత్రిక పిన్నులు ఊడదీసి, సీరియల్ పేజీలు మాత్రం తీసి బియ్యం డబ్బా మీద పేర్చేది. కథ పూర్తయ్యాక బైండు చేయించేది. ఆ బైండు పుస్తకాలు మా వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళొచ్చేవి. ఎవరి ఇంట్లో కాఫీ మరక పడిందో, ఎవరి పిల్లాడు చివరి పేజీ చింపాడో అమ్మకు కంఠతా వచ్చు. నవల కానిదంటే మా దృష్టిలో పాఠ్యపుస్తకమే. దాన్ని పరీక్షల కోసం తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదు.

వేసవి సెలవుల్లో శాఖా గ్రంథాలయంలో నవలల బీరువా ఖాళీ అయిపోయేది. అలాంటి ఒక మధ్యాహ్నం లైబ్రేరియన్ గారు జీవిత చరిత్రల బీరువా తెరిచి, దుమ్ము దులిపి ఒక పుస్తకం ఇచ్చారు. "నవలలన్నీ బయటే ఉన్నాయమ్మా. ఇది పట్టుకెళ్ళు, ఇదీ కథే" అన్నారు. అది టంగుటూరి ప్రకాశం పంతులు గారి 'నా జీవిత యాత్ర'.

ప్రకాశం గారంటే నాకు అప్పటికి తెలిసింది స్కూలు పాఠమే. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా జనం రోడ్డెక్కిన రోజు తుపాకులకు ఎదురుగా గుండె చూపించిన మనిషి, ఆంధ్రకేసరి, అంతే. ఆ పుస్తకంలో నాకు కనిపించింది తండ్రి పోయిన పిల్లవాడు. తల్లి సుబ్బమ్మ గారు పిల్లల్ని తీసుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు నడిపింది. అప్పటి బ్రాహ్మణ కుటుంబాల్లో దానికి గౌరవం లేదు. అయినా ఆవిడ ఆ పొయ్యి ముందే కూర్చుని పిల్లల్ని చదివించింది. పరీక్ష ఫీజు 3 రూపాయలకు కూడా దిక్కులేక చివరికి తన పట్టుచీర తాకట్టు పెట్టింది. ఆ ఘట్టం దగ్గర నేను పుస్తకం మూసి అమ్మ దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను. ఏ సీరియల్ చదివినప్పుడూ అలా వెళ్ళలేదు. సీరియల్లో తల్లి కష్టపడితే వచ్చే వారం కోసం ఎదురుచూసేవాళ్ళం. ఇక్కడ ఆ తల్లి నిజంగా ఉంది. ఒంగోల్లో ఏదో వీధిలో ఆ పొయ్యి నిజంగా వెలిగింది.

ఆ కుర్రాడు బుద్ధిమంతుడేమీ కాదు. అల్లరి సావాసాలు, నాటకాల పిచ్చి. ఆడవేషాలు కూడా వేశాడు. ఇవన్నీ ఆయన ఏమాత్రం దాచుకోకుండా రాశారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు ఆయన్ని చేరదీశారు. తను రాజమండ్రి వెళ్తూ ఆ పిల్లవాణ్ణి కూడా వెంట తీసుకెళ్ళారు. ప్రకాశం గారు ఆ తర్వాత ఎంత పెద్దవారైనా, ఆ పుస్తకంలో నాకు ఇష్టమైన మనిషి మాత్రం ఆ మాస్టారే.

కొన్నాళ్ళకు అదే బీరువాలోంచి చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'స్వీయచరిత్రము' తెచ్చుకున్నాను. చూపు దెబ్బతిన్న ఆ కవి పెద్ద వయసులో చెప్పి రాయించిన పుస్తకం అది. అందులో రాజమండ్రి, నాటక సమాజం, రిహార్సల్స్ వస్తాయి. ఉన్నట్టుండి హనుమంతరావు నాయుడు గారు! నా మాస్టారే. ఆయన నాటక సమాజం కోసమే చిలకమర్తి గారు నాటకాలు రాశారు. ఒక పుస్తకంలో అనాథలాంటి కుర్రాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి, ఇంకో పుస్తకంలో ఒక యువకవి చేత కలం పట్టిస్తున్నాడు. నేను ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని ఆ పేజీలు మళ్ళీ మళ్ళీ చదివాను.

నాకు పట్టుకున్న వ్యసనం అదే. నవలలో పాత్ర ఆ నవల దాటి బయటికి రాదు. నిజం మనుషులు అలా కాదు. వాళ్ళు ఒకరి జ్ఞాపకంలోంచి ఇంకొకరి జ్ఞాపకంలోకి నడిచి వెళ్తారు. ఒక చోట దేవుడిలా కనిపించినవాడు ఇంకో చోట మామూలుగా, వేరొక చోట కఠినుడిగా కనిపిస్తాడు. అన్నీ కలిపి చదువుకుంటూ పోతే మన నేల మీద ఎవరూ ముగించని ఒక పెద్ద నవల చదువుతున్నట్టే ఉంటుంది.

శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' గురించి చాలామంది చాలా చెప్పారు, నేను ఎక్కువ చెప్పను. పొలమూరులో వేదం చదువుకున్న కుటుంబం. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడికి తెలుగు పద్యం మీద మోజు. ఇంట్లోవాళ్ళ దృష్టిలో సంస్కృతం ఉండగా తెలుగేమిటి? ఆ ఒక్క పంతం మీద అన్ని పేజీలు నడుస్తాయి. గురువుల ఇళ్ళు, గోదావరి లంకలు, భోజనాలు, అవధాన సభలు, పండితుల అలకలు, అన్నీ మన ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు ఉంటాయి. ఒక్క సలహా మాత్రం ఇస్తాను. పైకి చదవండి. కళ్ళతో చదివితే ఆ వాక్యంలో ఉన్న దమ్ము సగం పోతుంది.

కాలేజీకి విజయవాడ వచ్చాక హాస్టల్లో 'ఏడు తరాలు' తిరిగేది. అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి గారు చేసిన తెలుగు అనువాదం. ఒకరు చదువుతుంటే నలుగురు మంచం చుట్టూ చేరేవాళ్ళు. కుంటా కింటే అనే ఆఫ్రికా కుర్రాణ్ణి బానిసగా అమ్మడానికి పట్టుకునే చోట మా గదిలో ఒకమ్మాయి లేచి వెళ్ళిపోయింది, ఇక వినలేనని. మేమంతా అది అక్షరాలా జరిగిన కథ అనే చదివాం. ఆ పుస్తకంలోని వంశవృక్షాన్ని తర్వాత చరిత్రకారులు ప్రశ్నించారు. ఇంకో రచయిత నవల నుంచి కొన్ని భాగాలు తీసుకున్నారన్న కేసులో హేలీ 1978లో డబ్బిచ్చి రాజీ పడ్డారు. అందుకని మా అక్క కూతురికి దాన్ని నవలగానే చదవమని చెప్పాను. బానిస వ్యాపారం నిజం, ఓడల అడుగున గొలుసులు నిజం. ఆ కుటుంబం కథకు మాత్రం అంత గట్టి ఆధారం లేదు. ట్రూమన్ కపోటీ 'ఇన్ కోల్డ్ బ్లడ్' కూడా అంతే. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒక పల్లెలో 1959లో ఒక కుటుంబంలో నలుగురిని చంపిన ఉదంతం. చదివించే గుణానికి దానికి దండం పెట్టాలి. కానీ చివర్లో శ్మశానంలో జరిగే సన్నివేశం ఆయన కల్పించిందే. నిజం అని చెప్పి చదివించే పుస్తకంలో ఒక్క సన్నివేశం కల్పించినా నాకు మిగతా వాటి మీద కూడా నమ్మకం సడలుతుంది. ఈ విషయంలో నేను పట్టుదల మనిషిని.

ఆ నమ్మకం చివరిదాకా నిలబెట్టిన పుస్తకం జాన్ హెర్సీ 'హిరోషిమా'. ఉద్యోగం వచ్చి హైదరాబాద్ చేరిన కొత్తలో ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. చిన్న పుస్తకం. 1946 ఆగస్టు 31 నాటి న్యూయార్కర్ పత్రికలో మొత్తం సంచికను దీనికే ఇచ్చారు. ఆ ఊరి మీద అణుబాంబు పడిన 1945 ఆగస్టు 6 ఉదయం 8.15కి ఆరుగురు మనుషులు ఏం చేస్తున్నారన్న దానితో మొదలవుతుంది. మిస్ ససాకి అనే గుమాస్తా అమ్మాయి రేకుల ఫ్యాక్టరీ ఆఫీసులో తన సీట్లో కూర్చుని, పక్క సీటు అమ్మాయితో ఏదో చెప్పబోతూ తల తిప్పింది. వెలుగు. వెనకున్న పుస్తకాల బీరువాలు ఆమె మీద పడ్డాయి. నకమురా గారని ఒక దర్జీ భార్య, భర్త యుద్ధంలో పోయాడు, ముగ్గురు పిల్లలు. బతుకుతెరువైన కుట్టు మిషన్‌ను ఇంటి ముందు నీళ్ళ తొట్టెలో పడేసి పిల్లలతో పరుగెత్తింది. తర్వాత చూస్తే అది తుప్పు పట్టిపోయింది. ఎంతమంది చనిపోయారన్న లెక్క నాకు స్కూల్లోనే తెలుసు. కానీ బాంబు అంటే ఏమిటో నాకు ఆ కుట్టు మిషన్ దగ్గరే అర్థమైంది. ఎందుకంటే మా వీధిలో అలా మిషన్ మీద పిల్లల్ని పెంచిన ఆవిడ ఉండేది.

హెర్సీ ఎక్కడా గొంతు పెంచడు, ఎవరినీ తిట్టడు. నలభై ఏళ్ళ తర్వాత, 1985లో, మళ్ళీ వెళ్ళి ఆ ఆరుగురూ ఏమయ్యారో రాశాడు. ఆ కాలు విరిగిన గుమాస్తా అమ్మాయి క్రైస్తవ సన్యాసిని అయింది. తనిమొటో అనే పాస్టర్‌ను అమెరికాలో ఒక టీవీ కార్యక్రమానికి పిలిచి, బాంబు వేసిన విమానం కో-పైలట్‌ను తెచ్చి ఎదురుగా నిలబెట్టారు. ఏ నవలాకారుడైనా ఇలా రాస్తే మరీ నాటకంలా ఉందని కొట్టేస్తాం. అది జరిగింది.

వీటికి ముందే పుట్టిన మన తెలుగు పుస్తకం ఒకటుంది, ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'. నాకు చాలా ఆలస్యంగా, నలభై దాటాక దొరికింది. దిగవల్లి వేంకట శివరావు గారు 1941లో పరిష్కరించి వేసిన ప్రతిని మా ఆఫీసులో ఒక పెద్దాయన జిరాక్స్ తీయించి ఇచ్చారు. వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న దాదాపు వంద మంది పరివారంతో బయలుదేరి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, జగన్నాథం మీదుగా తూర్పు తీరం వెంట 1831 సెప్టెంబరు 3న మద్రాసు తిరిగొచ్చారు. మన దేశంలో రైలు రావడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పైనే ఉంది. పల్లకీ మోసే బోయీలు, కావిళ్ళు, గుడారాలు. దారిలో రాసిన కబుర్లు మద్రాసులోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళ గారికి పంపేవారు. ఆ స్నేహితుడే 1838లో అచ్చు వేయించారు. అప్పటికి వీరాస్వామయ్య గారు లేరు.

అది యాత్రా పుస్తకమని, గుళ్ళూ గోపురాలూ ఉంటాయని అనుకుని తెరిచాను. ఆయనకు భక్తి ఉంది, కానీ దాన్ని మించిన కుతూహలం ఉంది. ప్రతి మజిలీలో ఊళ్ళో నీళ్ళు ఎలా ఉన్నాయి, బియ్యం దొరుకుతాయా, అంగళ్ళు ఎన్ని, దారి రాతిదా ఇసుకా, ఇక్కడ ఏ నాణెం చెల్లుతుంది, యాత్రికుల దగ్గర సుంకం ఎవరు వసూలు చేస్తున్నారు, అన్నీ రాస్తారు. హైదరాబాదులో ఆయుధాలు పట్టుకుని తిరిగే జనాన్ని చూసి ఆయన పడ్డ జంకు దాచుకోరు. వాగు పొంగితే వంద మందిని దాటించాలన్న టెన్షన్ మనకు కూడా పట్టుకుంటుంది. ఆ తెలుగు వ్యాకరణ పండితుల తెలుగు కాదు. ఆనాటి కచేరీల్లో, బజార్లలో వాడిన మాటలు అలాగే పడ్డాయి. మొదటి కొన్ని పేజీలు కొత్తగా ఉంటాయి, ఓపిక పట్టండి. ఒకసారి ఆ నడక అలవాటయ్యాక మనం కూడా ఆ పరివారంలో ఒకరమైపోతాం, రేపటి మజిలీలో నీళ్ళు ఉంటాయో లేదోనని చూస్తూ.

ఇప్పుడు నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన పుస్తకాలకు వస్తాను. ఇవి ఆడవాళ్ళ పుస్తకాలు.

1986లో స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' వేశారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గరకు టేప్ రికార్డర్ పట్టుకుని వెళ్ళి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు అచ్చు వేశారు. చిట్యాల ఐలమ్మ గారు తన పొలం కోసం దొరతో ఎలా తలపడిందో తనే చెబుతుంది. కమలమ్మ గారని ఒకావిడ దళంతో అడవిలో ఉండగా, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే అందరి ప్రాణాలకూ ముప్పని కన్నబిడ్డను వదులుకోవాల్సి వచ్చింది. ఆ పేజీలో అలంకారం ఒక్కటి లేదు. ఇంత మాట ఇంత మామూలుగా ఎలా చెప్పగలిగింది అని నేను చాలా రోజులు ఆలోచించాను. పోరాటం ముగిశాక ఈ ఆడవాళ్ళను ఇక ఇళ్ళకు వెళ్ళమన్నారు. తుపాకీ పట్టిన చేతులు మళ్ళీ గరిటె పట్టాయి. ఆ బాధను ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఒకరు కోపంగా, ఒకరు నవ్వుతూ, ఒకరు మధ్యలో ఆపేసి. అన్ని గొంతులూ ఒక్కచోట వింటుంటే, ఒకే రాత్రిని వేరువేరు కిటికీల్లోంచి చూసినట్టు ఉంటుంది.

2012లో కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' వచ్చింది. ఆవిడకు అప్పటికి తొంభై దాటాయి. పుట్టింది పామర్రులో. గుడివాడవాళ్ళకు పామర్రు అంటే బస్సెక్కితే వచ్చేసే ఊరు. నా చిన్నప్పుడు ఆ సెంటర్లో ఎన్నోసార్లు బస్సు మారాను. అక్కడ పుట్టిన ఒక పాపకు నాలుగైదేళ్ళకే పెళ్ళి చేశారు, భర్త పోయాడు, తను వితంతువునని కూడా ఆ పిల్లకు తెలియదు. తర్వాత కొండపల్లి సీతారామయ్య గారితో పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ, పాటలు, అజ్ఞాతవాసం, ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత ఆయన ఆమెను విడిచి వెళ్ళారు. ఆమె ముప్పై దాటాక చదువుకుని, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్‌కు మేట్రన్‌గా పనిచేసి బతికింది. ఉద్యమంలోకి వెళ్ళిన కొడుకు తిరిగి రాలేదు. అల్లుడు పోయాడు, డాక్టరైన కూతురు ప్రాణం తీసుకుంది. ఇవన్నీ ఒక మనిషికే జరిగాయంటే నవలలో నమ్మం.

ఆవిడ ఎక్కడా జాలి అడగదు, పార్టీని తూలనాడదు. తను నమ్మినదాన్ని చివరిదాకా నమ్ముతూనే, తనకు జరిగిన అన్యాయాన్ని అన్యాయమనే అంటుంది. ఆ రెండూ ఒకే మనసులో ఎలా పట్టాయో చూడటానికే ఆ పుస్తకం చదవాలి. మా అమ్మకు చదివి వినిపించాను. సీరియల్స్ బైండు చేయించిన మా అమ్మ, చివరి రోజుల్లో కళ్ళు సరిగా కనపడక నా చేత చదివించుకున్న పుస్తకం అది. "ఈవిడ మన పక్క ఊరావిడా? మనకెవరూ చెప్పలేదే" అంది. నిండు నూరేళ్ళు బతికి కోటేశ్వరమ్మ గారు 2018లో పోయారు.

దానికి ఏడాది ముందు సుజాత గిడ్ల గారి 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' న్యూయార్క్‌లో అచ్చయింది. కాజీపేటలో పుట్టి, వరంగల్‌లో చదివి, అమెరికా వెళ్ళి న్యూయార్క్ సబ్‌వే రైళ్ళలో కండక్టర్‌గా పనిచేస్తున్న దళిత మహిళ ఆవిడ. మేనమామ కె.జి. సత్యమూర్తి, అంటే కవి శివసాగర్, తన తల్లి మంజుల చెప్పిన సంగతుల్ని గంటలకొద్దీ రికార్డు చేసుకుని రాసిన కుటుంబ చరిత్ర. పుస్తకం తెరిచాక నాకు ముందుగా కనిపించింది మా గుడివాడ. అదే ఊరు, కానీ నేను చూడని ఊరు. మా ఇళ్ళవాళ్ళు ఎన్నడూ వెళ్ళని పేటలు, ఆ పేటల్లోంచి చూస్తే మా వీధులు ఎలా కనిపిస్తాయో ఆ పుస్తకమే నాకు చూపించింది. సొంత ఊరి గురించి అర్ధ శతాబ్దం తర్వాత అమెరికాలో అచ్చయిన పుస్తకంలో తెలుసుకోవడం నాకు మామూలు అనుభవం కాదు.

మంజుల గారు ఎం.ఏ. చదవడానికి బెనారస్ వెళ్తుంది. వీరాస్వామయ్య గారు వంద మందితో పల్లకీలో వెళ్ళిన కాశీకే, వందేళ్ళు దాటాక, ఒక దళిత అమ్మాయి డిగ్రీ కోసం వెళ్ళి అక్కడ క్లాసులో కులం ఎదుర్కుంది. ఈ రెండు పుస్తకాలనూ కలిపి చదివేవాళ్ళు ఎంతమంది ఉంటారో గానీ, నాకు మాత్రం అవి విడదీయలేకుండా కలిసిపోయాయి.

ఇంకొకటి. కోటేశ్వరమ్మ గారి పుస్తకంలో భర్తగా చూసిన సీతారామయ్య గారు ఇందులో మళ్ళీ వస్తారు. కాజీపేటలో టీచరుగా, సత్యమూర్తి గారికి సహచరుడిగా. 1980లో వాళ్ళు కలిసే పీపుల్స్ వార్ పార్టీ పెట్టారు. ఒక పుస్తకంలో వదిలేసి వెళ్ళిన మనిషి, ఇంకో పుస్తకంలో వందల మందిని తన వెంట నడిపించిన మనిషి. సత్యమూర్తి గారు కూడా చివరికి ఆ పార్టీ బయట ఉండాల్సి వచ్చింది. హనుమంతరావు నాయుడు గారిని రెండు పుస్తకాల్లో చూసి సంబరపడిన ఆ వేసవి నుంచి ఇక్కడిదాకా నేను చదివింది ఇదే. కానీ ఇక్కడ సంబరం లేదు. మనిషిని పూర్తిగా తెలుసుకోవడానికి ఒక్కరి మాట చాలదని, ముఖ్యంగా ఆ మనిషి ఇంట్లోని ఆడవాళ్ళను అడగకుండా ఏ చరిత్రా రాయకూడదని నేను ఇప్పుడు గట్టిగా నమ్ముతాను.

మా అక్క కూతురికి మొదట 'నిర్జన వారధి' చదవమన్నాను. తెలుగు చదవడం నెమ్మది కాబట్టి, దాని ఇంగ్లిష్ అనువాదం కూడా ఉందని చెప్పాను. అయినా తెలుగులోనే చదువు, రోజుకు రెండు పేజీలైనా సరే అన్నాను.

నేను మాత్రం ఇప్పుడు మల్లు స్వరాజ్యం గారి 'నా మాటే తుపాకీ తూటా' పట్టుకున్నాను. 1986 నాటి ఆ టేప్ రికార్డర్ పుస్తకంలో మిగతా వాళ్ళతో పాటు కొన్ని పేజీల్లో మాట్లాడినావిడ, మూడు దశాబ్దాలు గడిచాక తన సొంత పుస్తకంతో వచ్చింది. పాత పుస్తకంలో ఆవిడ చెప్పిన పేజీల్లో కాగితపు ముక్కలు పెట్టుకున్నాను. అప్పుడు చెప్పని మాట ఇప్పుడేం చెప్పిందో, అప్పుడు చెప్పినదాన్ని ఇప్పుడెలా చెప్పిందో చూసుకుంటూ నెమ్మదిగా చదువుతున్నాను. ఇంకా సగం ఉంది.